ముందు కళ్లె చూడండి, యాంటీబయాటిక్ సంగతి తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఒంగోలు దగ్గర ఒక నర్సింగ్ హోంలో ఏడాదిగా డ్యూటీ డాక్టరుగా ఉన్నారు. సీఓపీడీ (పొగా దుమ్ముల వల్ల ఊపిరి గొట్టాలు ఏళ్లతరబడి వాచి ఇరుకైపోయే జబ్బు) ఎక్కువై ఆయాసంతో వచ్చిన ప్రతి మనిషికీ మంచం మీద పడుకోబెట్టేలోపే సెఫ్‌ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్స్ పడిపోతున్నాయి. మూడో రోజుకు తగ్గకపోతే ఇంకా పెద్ద యాంటీబయాటిక్ పైపర్‌సిలిన్ టాజోబాక్టమ్, ఐదో రోజుకు మెరోపెనమ్. ఇదంతా అవసరమా, ఎవరికి అవసరం, ఎన్నాళ్లు ఇవ్వాలి, పెద్ద డాక్టరుగారితో ఈ మాట ఎట్లా ఎత్తాలి అని అడిగారు.

నేను ఊపిరితిత్తుల డాక్టరుని. ఇరవై ఏళ్లు దాటింది, నెల్లూరు పొగతోటలోనే. పొగ మానమని చెప్పేవాడి అడ్రసులోనే పొగ ఉందని పేషెంట్లు నవ్వుకుంటుంటారు, నాకూ అలవాటైపోయింది. మీరు చెప్పిన ఆ మెట్లన్నీ ఒకప్పుడు నేనూ ఎక్కినవాడినే, కాబట్టి మీ పెద్ద డాక్టరుగారిని తప్పుపట్టడానికి కాదు ఈ జవాబు.

ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ దాని వెనక బ్యాక్టీరియా ఉండదు. చాలాసార్లు జలుబు తెచ్చే వైరస్ ఉంటుంది. ఇంకొన్నిసార్లు ఏ క్రిమీ ఉండదు, ఉత్త పొగా దుమ్మే. భోగి మర్నాడు మా వార్డు చూస్తే తెలుస్తుంది. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రుళ్లు కట్టెలు ఎగదోసే మనిషికి, చీమకుర్తి క్వారీలో పనిచేసి వచ్చిన మనిషికి, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఒక్క బీడీ కూడా తాగని అమ్మకి ఊపిరి గొట్టాలు ఎప్పుడూ వాచే ఉంటాయి. చిన్న పొగకే బిగుసుకుంటాయి. ఆ బిగింపుకి మందు నెబ్యులైజరు, స్టిరాయిడు, లెక్కగా ఆక్సిజన్. సెఫ్‌ట్రయాక్సోన్ ఆ గొట్టాన్ని విప్పదు.

ఎవరికి యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పే గుర్తులు ఇవాళ కొత్తగా కనిపెట్టినవి కావు. 1987లో కెనడాలో ఆంథోనిసెన్ అనే డాక్టరు, ఆయన సహచరులు 173 మంది రోగుల్లో 362 సార్లు జబ్బు ఉన్నట్టుండి ముదరడాన్ని గమనించి మూడే ప్రశ్నలు పెట్టారు. ఆయాసం పెరిగిందా? కళ్లె ఎక్కువగా పడుతోందా? కళ్లె చీములా మారిందా? యాంటీబయాటిక్ తీసుకున్నవాళ్లలో 68 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 55 శాతం కోలుకున్నారు. మూడు లక్షణాలూ ఉన్నవాళ్లకే ఎక్కువ లాభం, ఒక్కటే ఉన్నవాళ్లకు పెద్ద తేడా లేదు. సీఓపీడీకి ప్రపంచమంతా చూసే ఇప్పటి గోల్డ్ మార్గదర్శకాలు కూడా దాదాపు అదే మాట మీద నిలబడ్డాయి. మూడూ ఉంటే ఇవ్వండి. రెండే ఉంటే, అందులో చీము కళ్లె ఒకటైతే ఇవ్వండి. వెంటిలేటరు గానీ, మాస్కుతో ఊపిరి తోసే బైపాప్ గానీ పెట్టాల్సి వస్తే ఇవ్వండి.

ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2001లో ట్యునీషియాలో వెంటిలేటరు మీద ఉన్న 93 మంది సీఓపీడీ రోగుల్లో కొందరికి ఒఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్, మిగిలినవాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. ఆస్పత్రిలో చనిపోయినవాళ్లు మందు గుంపులో 4 శాతం, రెండో గుంపులో 22 శాతం. అంత తేడా కళ్లముందు ఉంటే వెంటిలేటరు రోగి దగ్గర కళ్లె రంగు గురించి తర్జనభర్జన అక్కర్లేదు. గంటలోపు మందు పడాలి. మీ సందేహమంతా వార్డులో కూర్చుని, రొప్పుతూనే అయినా నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్న రోగి గురించి అనుకుని మిగతాది రాస్తున్నాను.

అక్కడ రంగే తేలుస్తుంది. 2000లో స్టాక్లీ బృందం ఇంగ్లండులో పరీక్షిస్తే ఆకుపచ్చ చీము కళ్లెలో 84 శాతం కల్చర్లలో (కళ్లెలోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) బ్యాక్టీరియా పెరిగింది, తెల్లగా జిగురుగా ఉన్నదాంట్లో 38 శాతం. తెల్లకళ్లె వాళ్లకు యాంటీబయాటిక్ ఇవ్వకుండానే చూసుకున్నారు. దాదాపు అందరూ తేరుకున్నారు.

అయితే రంగు ఎవర్ని అడిగి తెలుసుకుంటున్నారు? "కళ్లె ఎట్లా పడతా ఉంది పెద్దాయనా?" అంటే నూటికి తొంభై మంది "తెల్లగానే సార్" అంటారు. సిగ్గు. ఆడవాళ్లయితే "పడట్లేదండీ" అంటారు, మింగేస్తారు కాబట్టి. కొండపి వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన నాతో తెల్లగానే ఉందని మూడుసార్లు చెప్పాడు. ఆయన భుజం మీద తువ్వాలు ఉంది. దగ్గినప్పుడల్లా దాని అంచు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఆ అంచు తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూస్తే గోరింటాకు నూరిన రంగులో మరక. పక్కనే పాతది, ఎండి పసుపు తిరిగింది. ఆ రెండు మరకలే నాకు ఎన్నిరోజులుగా మారిందో కూడా చెప్పాయి. ఆరోజు నుంచి రోగి మాట కంటే తువ్వాలునే ఎక్కువ నమ్ముతాను. మీరు చేయాల్సింది చిన్న పని. చేరగానే ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, పొద్దున నోరు పుక్కిలించాక లోపలినుంచి దగ్గి అందులో ఉమ్మమనండి. రౌండ్సులో మూత తీసి మీరే చూడండి. ట్యూబులైటు కింద అన్ని కళ్లెలూ పచ్చగానే కనిపిస్తాయి, పగటి వెలుగులో చూడండి.

ఒక మెలిక ఉంది. మన దగ్గర చాలామందికి ఎప్పుడో టీబీ వచ్చి తగ్గి, ఊపిరి గొట్టాలు సంచుల్లా సాగిపోయి ఉంటాయి. అట్లాంటివాళ్లకు బాగున్న రోజుల్లో కూడా పొద్దున్నే పసుపు కళ్లె పడుతుంది. వాళ్ల దగ్గర అడగాల్సింది రంగు కాదు, రంగు మారిందా అని. దీనికి రోగి కంటే ఇంట్లో కోడలు కరెక్టుగా చెబుతుంది, గిన్నె కడిగేది ఆమే కదా.

ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ సాయం తీసుకోవచ్చు. బ్రిటన్‌లో 2019లో వచ్చిన అధ్యయనంలో వేలి రక్తంతో సీఆర్‌పీ చూసి నిర్ణయించినప్పుడు యాంటీబయాటిక్ వాడకం 77 శాతం నుంచి 57 శాతానికి తగ్గింది, రోగులకు నష్టం జరగలేదు. అక్కడ 20 కంటే తక్కువైతే అక్కర్లేదని, 40 దాటితే పనికొస్తుందని, మధ్యలో ఉంటే కళ్లె చీముగా ఉందా అని చూడమని లెక్క. కాకపోతే అది ఓపీ రోగుల మీద చేసింది. చేర్చుకున్న రోగికి దాన్ని తక్కెట్లో ఒక రాయిగా వాడండి, తక్కెడే అదనుకోవద్దు. ప్రోకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష మీద నాకు అంత మోజు లేదు, ఖర్చుకు తగ్గ మాట అది చెప్పగా నేను చూడలేదు.

ఇంకో సంగతి, ఎక్స్‌రే తీయకుండా ఇదంతా మాట్లాడుకోవడం దండగ. ఎక్స్‌రేలో నెమ్ము కనిపిస్తే అది న్యుమోనియా, దాని లెక్క వేరు, అక్కడ యాంటీబయాటిక్ తప్పనిసరి. గుండె నీరసపడి నీరు చేరినా, ఊపిరితిత్తి చిరిగి గాలి చేరినా బయటికి ఇదే ఆయాసం.

సరే, ఇవ్వాలని తేలింది. ఏది? మామూలుగా ఈ జబ్బులో దొరికే క్రిములు మూడు: హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, మొరాక్సెల్లా, న్యుమోకాకస్. మొదటి రెండూ ఉత్త అమాక్సిసిలిన్‌ని విరిచేసే ఎంజైము తయారుచేస్తాయి, మొరాక్సెల్లా అయితే దాదాపు ఎప్పుడూ. అందుకే అమాక్సిక్లావ్. అది పడనివాళ్లకు డాక్సీసైక్లిన్. నేను ఎక్కువగా ఈ రెంటితోనే గట్టెక్కిస్తాను. 2010లో నెదర్లాండ్స్‌లో ఆస్పత్రిలో చేరిన రోగులకే స్టిరాయిడుతోపాటు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూశారు. పదో రోజుకు మందు తీసుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు, 30వ రోజుకు రెండు గుంపులకీ తేడా లేదు. ఆ మాట రెండువైపులా పదునున్నదే, ఇష్టమున్నవాళ్లు ఇష్టమున్న వైపు పట్టుకుంటారు. నేను మాత్రం ఎవరికిస్తున్నామో ఏరుకోవాలి అని చదువుకున్నాను. డాక్సీ మాత్ర వేసుకున్నాక గ్లాసు నిండా నీళ్లు తాగి అరగంట కూర్చోమని చెప్పండి, లేకపోతే గొంతుకింద పుండు పడి ఆ మంటకి మళ్లీ మీ దగ్గరికే వస్తారు. పాలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేయొద్దు.

డబ్ల్యూహెచ్‌ఓ 2017లో యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్ (ముందుగా వాడేవి), వాచ్ (ఆచితూచి వాడేవి), రిజర్వ్ (చివరికి దాచుకునేవి) అని మూడు గంపలు చేసింది. అమాక్సిక్లావ్, డాక్సీ మొదటి గంపలో ఉన్నాయి. మీ నర్సింగ్ హోంలో మొదటి సూది సెఫ్‌ట్రయాక్సోన్, దానికి తోడు అజిత్రో, తర్వాతి పైపర్‌సిలిన్ టాజో, ఆ పైన మెరోపెనమ్, అన్నీ రెండో గంపే. మొదటి గంపలో చెయ్యి పెట్టకుండానే రోగి ఇంటికి వెళ్లిపోతున్నాడన్నమాట.

సూదే ఎందుకు అని కూడా అడగండి. అన్నం తింటున్న మనిషి మాత్ర మింగలేడా? చేయికి సెలైను బాటిల్ కనిపించకపోతే వైద్యం జరగట్లేదనుకునే బంధువులు ఉంటారు, నిజమే. వాళ్లకు నేను నెబ్యులైజరు మాస్కు చూపించి "అసలు మందు ఇది, పొగ పెడుతున్నామే, ఇదే ఆయన్ని నిలబెట్టేది" అంటాను.

అజిత్రో గురించి ఒక జాగ్రత్త. గొట్టాలు విప్పే సాల్‌బ్యుటమాల్ నెబ్యులైజేషన్, స్టిరాయిడు, మూత్రం పోయించే లాసిక్స్ మూడూ పొటాషియాన్ని కిందికి లాగుతాయి. ఆ పైన అజిత్రో, వాంతికని ఓండాన్‌సెట్రాన్ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. ఈసీజీ, పొటాషియం చూడకుండా ఆ జోడీ వేయొద్దు.

లీవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మన జిల్లాల్లో నేను చివర్లో తీసే మందు. కారణం టీబీ. దగ్గు, కళ్లె, బరువు తగ్గడం ఉన్న మనిషికి లీవో పడితే టీబీ క్రిమి కొంత అణిగి, రోగి "బాగుంది సార్" అని ఇంటికి పోయి, రెండు మూడు నెలలకు ఇంకా చిక్కిపోయి వస్తాడు. మొండి టీబీకి దాచుకోవాల్సిన మందు కూడా అదే. ఇవ్వక తప్పదనుకుంటే ముందు కళ్లెని టీబీ పరీక్షలైన సీబీనాట్‌కో ట్రూనాట్‌కో పంపి ఇవ్వండి, ప్రభుత్వ టీబీ కేంద్రంలో ఉచితం. దాంతోపాటు అరవై దాటినవాళ్లలో స్టిరాయిడు, లీవో కలిస్తే మడమ వెనక స్నాయువు తెగడం, షుగరు అటూ ఇటూ ఊగడం ఉన్నాయి.

ఇక లీవో కుటుంబంలోదే, సిప్రోఫ్లాక్ససిన్ కథ. ఇది నా తప్పు, నా చేతిరాతతో చేసినదే. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజులు. ఉదయగిరి వైపునుంచి ఒక రైతు చేరాడు. అప్పట్లో అందరం చేసినట్టే ఆయాసానికి డెరిఫిలిన్ సూది రోజుకు రెండుసార్లు రాశాను, కళ్లె పచ్చగా ఉందని సిప్రో చేర్చాను. రెండో రోజు తిన్నది వాంతి. చేతులు వణుకుతున్నాయి, నాడి 140. సాల్‌బ్యుటమాల్ ఎక్కువైందేమో అనుకున్నాను. మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. షుగరు చూశాం, సోడియం చూశాం, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందేమో అనుకున్నాం, తలకి స్కాన్ అన్నాను. పాత కాగితం నిండిపోవడంతో సిస్టరు కొత్త డ్రగ్ చార్టు ఇచ్చింది. మందుల పేర్లు నేనే ఎక్కిస్తూ డెరిఫిలిన్ కింద సిప్రో రాస్తున్నప్పుడు కలం ఆగింది. డెరిఫిలిన్‌లో ఉండే థియోఫిలిన్‌ని కాలేయం కరిగించకుండా సిప్రో అడ్డుపడుతుంది. రోజురోజుకీ రక్తంలో థియోఫిలిన్ పేరుకుపోయింది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. ఆయన బతికాడు, నాలుగు రోజుల్లో నడుచుకుంటూ వెళ్లాడు. తలకి స్కాన్ డబ్బులు మాత్రం ఆయన ఎనుము అమ్మి కట్టాడు, అది నేను మర్చిపోలేదు.

అందుకే బయటి ఊళ్లో ఏం వాడారో చూడకుండా రాయొద్దు. చీటీ ఉండదు. "ఊళ్లో డాక్టరు ఇచ్చిన మాత్రలు" అంటారు. ప్లాస్టిక్ కవరు తెమ్మని, ఖాళీ షీట్లు మంచం మీద పోసి చూడండి. వచ్చేసరికే మూడు రోజులు ఒక యాంటీబయాటిక్ సగంసగం పడి ఉంటుంది, డెక్సా అనే స్టిరాయిడు ఉంటుంది, థియోఫిలిన్ మాత్ర ఉంటుంది.

పైపర్‌సిలిన్ టాజో ఎప్పుడు తప్పదు అంటే సూడోమోనాస్ అనే మొండి బ్యాక్టీరియా అనుమానం ఉన్నప్పుడు. ఈమధ్య ఆస్పత్రిలో చేరినవాళ్లు, ఏడాదిలో నాలుగైదు కోర్సులు మింగినవాళ్లు, ఊపిరి సామర్థ్యం బాగా పడిపోయి ఎప్పుడూ స్టిరాయిడు మాత్ర మీద ఉన్నవాళ్లు, ఇంతకుముందు కల్చర్‌లో ఆ క్రిమి కనిపించినవాళ్లు, పైన చెప్పిన సంచుల ఊపిరితిత్తులవాళ్లు. వీళ్లకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇస్తే సూడోమోనాస్‌కి నీళ్లు పోసినట్టే. వీళ్ల దగ్గర మొదటి డోసుకి ముందే కళ్లె కల్చర్‌కి పోవాలి.

కల్చర్ రిపోర్టు వచ్చాక మళ్లీ ఒక గొయ్యి ఉంది. ముందు గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోపులో చూసింది) వరస చదవండి. మైక్రోస్కోపులో చిన్న లెన్సు కింద చీము కణాలు 25కి పైన, నోటి చర్మపు కణాలు 10కి లోపు ఉంటేనే అది కళ్లె. లేకపోతే ఉమ్మి. ఉమ్మిలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగిందని మెరోపెనమ్ మొదలుపెట్టడం మన దగ్గర రోజూ జరిగే పని. క్యాండిడా అనే ఫంగస్ అని వచ్చిందా, ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించమని చెప్పండి, యాంటీఫంగల్ ఎక్కించకండి.

ఎన్నాళ్లు? ఐదు రోజులు. 2008లో 21 అధ్యయనాలు కలిపి చూస్తే ఐదు రోజుల్లోపు కోర్సూ, అంతకన్నా పొడవైనదీ ఒకటేలా పనిచేశాయి. స్టిరాయిడు కూడా అంతే, ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు ఐదు రోజులు. 2013లో స్విట్జర్లాండ్‌లో ఐదు రోజులూ పద్నాలుగు రోజులూ పోల్చి తేడా లేదని తేల్చారు. పది రోజులు, పద్నాలుగు రోజులు అనేవి అలవాటులోంచి వచ్చిన అంకెలు.

మూడో రోజుకు తగ్గలేదంటే మన వేళ్లు ఇంకో పెద్ద యాంటీబయాటిక్ వైపు పోతాయి. ఆగండి. ఆక్సిజన్ ఎంత పెట్టారు చూడండి. 88 నుంచి 92 శాతం మధ్య ఉండాల్సిన శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ లెక్క) 99 చూపిస్తుంటే మత్తుగా ఉన్నది ఇన్‌ఫెక్షన్ వల్ల కాదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని. 2010లో టాస్మానియాలో అంబులెన్సులోనే లెక్కగా ఆక్సిజన్ ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఏ యాంటీబయాటిక్ కూడా వార్డు రోగిలో అంత మార్పు చూపించలేదు, అదేమో పైసా ఖర్చు లేని పని, ఫ్లోమీటరు నాబ్ తిప్పాలంతే. కాళ్లలో గడ్డ కట్టి ఊపిరితిత్తికి ఎక్కిందేమో చూడండి. గుండె చూడండి. రాత్రి నెబ్యులైజరు నిజంగా పెట్టారా, రాశారా అని కూడా చూడండి, నవ్వకండి.

మన దగ్గర రొయ్యల రైతుకి ఒక సంగతి బాగా తెలుసు. చెరువులో నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషం దొరికితే సరుకు ఓడరేవు నుంచి వెనక్కి వస్తుంది. అందుకని ఏ మందు ఎందుకు వేస్తున్నారు అని అడిగి మరీ వేయిస్తాడు. అదే మనిషి నాయన్ని తీసుకొచ్చి "పెద్ద ఇంజెక్షన్ వేయండి సార్, డబ్బుకి వెనకాడం" అంటాడు. ఇట్లా అన్నవాళ్లకు నేను రొయ్యల లెక్కలోనే చెబుతాను, వెంటనే అర్థమవుతుంది. రెండోవైపు మాట కూడా చెప్పాలి కదా: అమెరికాలో 84 వేలమంది సీఓపీడీ ఇన్‌పేషెంట్ల రికార్డులు చూసిన 2010 అధ్యయనంలో మొదట్నించీ యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లకు మొత్తం మీద మేలే జరిగింది, అది దాచను. దాంతోపాటు యాంటీబయాటిక్ వాడకం తర్వాత వచ్చే క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా విరేచనాలతో మళ్లీ చేరినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

పెద్ద డాక్టరుగారితో ఎట్లా అనేదానికి వస్తాను. "సార్, ఇది అవసరం లేదు" అని మొదలుపెట్టకండి. యాంటీబయాటిక్ రాసిన వరస పక్కనే మార్జిన్‌లో రెండు ముక్కలు రాయండి: ఎందుకిస్తున్నాం, ఏ తేదీన ఆపుతాం. "కళ్లె ఆకుపచ్చ, సీఆర్‌పీ 64, ఆపే తేదీ 12" అని. లేదా "కళ్లె తెలుపు, ఎక్స్‌రే క్లియర్, బైపాప్ లేదు" అని. రౌండ్సులో తెల్ల డబ్బా మూత తీసి ఆయనకి చూపించి, "సార్, కళ్లె తెల్లగానే ఉంది, ఇవాళ్టికి నెబ్యులైజరు, స్టిరాయిడుతో చూసి రేపు పొద్దున మళ్లీ చూద్దామా?" అని అడగండి. ఏ సీనియరూ రేపు పొద్దున చూద్దామంటే కాదనడు. ఆపే తేదీ వచ్చిన రోజున సిస్టరే "డాక్టరమ్మా, ఇవాళ ఆపమని రాశారు" అని గుర్తుచేస్తుంది. మా వార్డులో అట్లాగే మొదలైంది, నాకు గుర్తుచేసింది కూడా ఒక సిస్టరే.